శిశుసేవ: కర్మఫలమా? కాయకమా?

శరణధర్మమునకు కాయకము, దాసోహము రెండు కన్నులు. సత్యశుద్ధముగా చేసిన పనియే కైలాసమనియు, ఆ పనివలన లభించినదానిని సంఘముతో పంచుకొనుటయే దాసోహమనియు పండ్రెండవ శతాబ్దమున కల్యాణపురమున బసవేశ్వరుడు బోధించెను. మడివాళ మాచయ్య బట్టలుతుకుట, మేదర కేతయ్య బుట్టలల్లుట, అంబిగర చౌడయ్య పడవ నడుపుట, హరళయ్య చెప్పులు కుట్టుట, ఇవన్నియు ఆ బోధవలన పూజాస్థానమును పొందినవి.

ఐనను ఒక ప్రశ్న నేటి గృహస్థుల యెదుట నిలిచియున్నది. కూలి లేనిది, సెలవు లేనిది, ఎప్పటికి ముగియునో తెలియనిది, ఫలితము కంటికి స్పష్టముగా కనబడనిది ఐన పని కాయకమగునా? మాటలు రాని బిడ్డను, అందునను మూర్ఛలతో బాధపడు బిడ్డను, ఆసుపత్రుల చుట్టు త్రిప్పుచు పెంచు తల్లిదండ్రుల శ్రమ ఏ కోవకు చెందును? పూర్వజన్మ పాపమునకు శిక్ష అని కొందరందురు. పూజాదికములకు అడ్డువచ్చిన సంసారబంధమని మరికొందరందురు. శివపూజయే అని చెప్పు ధైర్యము కొందరికే కలదు. వీనిలో శరణులు అంగీకరింపదగినది ఏది? ఈ విచారణ పండితుల వినోదమునకు గాదు. దీని సమాధానమును బట్టియే ఒక ఇంటిలో మాత్రలు వేళకు పడుటయో మానుటయో, ఒక బిడ్డ వాకిటిలోనికి వచ్చుటయో వెనుకగదిలో ఉండిపోవుటయో నిర్ణయమగుచున్నది.

రోగస్వరూపము

తెలియని దానిని గూర్చి ధర్మనిర్ణయము చేయరాదు. కావున ముందుగా విషయమును తెలిసికొనవలెను.

ఆటిజమ్ అంటువ్యాధి గాదు, పిచ్చియును గాదు. మెదడు ఎదుగుదలలో శైశవమునుండియే ఉండు ఒక భేదము. అట్టి బిడ్డ పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడకపోవచ్చును. ఒకే మాటను, ఒకే కదలికను పలుమారులు చేయవచ్చును. ఇతరులు గమనింపని చిన్న శబ్దము వానికి ఉరుమువలె తోచవచ్చును; మెత్తని వస్త్రమే ముల్లువలె గ్రుచ్చుకొనవచ్చును. అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి 1943లో దీనిని వర్ణించెను. అటుపిమ్మట చాలకాలము, తల్లికి ప్రేమ లేకపోవుటయే దీనికి హేతువని కొందరు నిపుణులే పలికి ఎందరో తల్లుల గుండెలను గాయపరచిరి. ఆటిజమ్ గల కుమారునికి తండ్రియు, మనశ్శాస్త్రజ్ఞుడును ఐన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో వెలువరించిన గ్రంథమున ఆ నిందను ఖండించెను. టీకాలవలన ఇది కలుగునని 1998లో ఇంగ్లండులోని వైద్యపత్రికలో వచ్చిన వ్యాసమును ఆ పత్రికయే 2010లో ఉపసంహరించుకొనెను. వంశాణువుల పాత్ర దీనిలో మిక్కిలి యున్నదని నేటి విజ్ఞానము తెలుపుచున్నది. తల్లి నడవడిలో గాని, తండ్రి దోషములో గాని దీనికి మూలము లేదు.

మెదడులోని నాడీకణముల విద్యుత్తు ఒక్కమారుగా అదుపుతప్పుటవలన మూర్ఛ వచ్చును. ఆటిజమ్ గల పిల్లలలో ఇది ఇతర పిల్లలలో కంటె ఎక్కువగా కనబడును. చరకసంహితలో దీనిని అపస్మారమని పేర్కొని నిదానమును, చికిత్సను చెప్పియున్నారు. స్మృతి తొలగిపోవుట అని ఆ పదమునకర్థము. హిపోక్రటీసు పేర నిలిచిన ప్రాచీన గ్రీకు గ్రంథమును, ఇది దేవతల ఆగ్రహము గాదనియు, మెదడునకు సంబంధించిన రోగమనియు వాదించెను. మెదడులోని విద్యుత్తును గీతలుగా చూపు ఈ.ఈ.జి. పరీక్షను జర్మనీలోని హాన్స్ బెర్గర్ 1929లో లోకమునకు ప్రకటించెను. సరియైన మందులు వేళకు వాడినచో మూర్ఛరోగులలో నూటికి డెబ్బదిమంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

శైవులకు అపస్మార శబ్దము క్రొత్తది గాదు. నటరాజమూర్తి పాదము క్రింద పడియున్న మరుగుజ్జు పేరు అపస్మారుడు. దీనిని జూచి, మూర్ఛ వచ్చినవానిని భూతగ్రస్తుడని తలచుట ఘోరమైన పొరపాటు. శివుని పాదము క్రింద నలిగినది అజ్ఞానము. బిడ్డ ఎన్నడును ఆ పాదము క్రిందివాడు గాడు. ఆ పాదమును ఆశ్రయించినవాడు.

ఒక దినపు శ్రమ

జహీరాబాదు ప్రాంతపు పల్లెలోని ఒక శరణకుటుంబమును ఊహింపుడు. ఎనిమిదేండ్ల బాలుడు. హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్లు. ఈ.ఈ.జి. తీయవలెనని డాక్టరు చీటీ వ్రాసినాడు. తలకు నూనె లేకుండ తలస్నానము చేయించవలెను. రాత్రి నిద్ర తగ్గింపవలెను. అప్పుడుగాని పరీక్షవేళ నిద్రపోడు. ఆ రాత్రి తల్లియు తండ్రియు వంతులవారీగా మేల్కొని బాలుని మేల్కొలుపుచుందురు. తెల్లవారుజామున బస్సు. రోజుకూలి పోయినది, లేదా అంగడి మూసినారు. బాలుడు కిటికీప్రక్క సీటులో తప్ప కూర్చుండడు. చేతిలో టికెట్టు కాగితము లేనిదే ఊరకుండడు.

ఆసుపత్రిలో ఓ.పి. చీటీకి ఒక వరుస, టోకెనుకు ఒక వరుస. పేర్లు పిలుచు మైకు మ్రోగినప్పుడెల్ల బాలుడు చెవులు మూసికొని కేకవేయును. “పిల్లవానిని అదుపులో పెట్టుకోరాదా?” అని ఎవరో అందురు. తల్లి తలవంచుకొనును. తలపై జిగురుతో తీగలు అంటించునప్పుడు బాలుడు వానిని పీకివేయును. “నిద్రపుచ్చి తీసుకొనిరండి” అని పంపివేయుదురు. తండ్రి వరండాలో దుప్పటి పరచును. తల్లి వాని ప్రక్కన పండుకొని, వానికి అలవాటైన ఒక్క చరణమునే నలుబది మారులు పాడును. చివరకు కన్ను మూయును.

డాక్టరుగారి వద్ద లభించునది కొద్ది నిమిషములు. ఎన్నిమార్లు వచ్చినది? ఎంతసేపు? తల ఏవైపునకు తిరిగినది? జ్వరము ఉన్నదా? మాత్ర తప్పినదా? తల్లి సంచిలోనుండి ఒక బడిపిల్లల నోటుపుస్తకము తీయును. తేది, వేళ, నిమిషములు, మూర్ఛకు ముందు బాలుడేమి చేయుచుండెనో, పిమ్మట ఎంతసేపు నిద్రించెనో అన్నియు వరుసగా వ్రాసియుండును. డాక్టరు ఆ పుటలను త్రిప్పిచూచి, రాత్రిపూట అరమాత్ర పెంచును. అంతయు చేసిన పని అంతే. రెండునెలల పిమ్మట మరల రావలెను. నెలకు మూడుమార్లు వచ్చు మూర్ఛ ఒకమారునకు దిగినచో ఆ యింట పండుగ. బాలుడు మాత్రము ఇంకను “అమ్మా” అని పిలువలేదు.

కాయకమునకు శరణులు చెప్పిన లక్షణములను ఈ శ్రమతో సరిచూడవచ్చును. స్వంత శరీరశ్రమ ఉన్నది. మోసము లేదు. ప్రతిఫలాపేక్ష లేదు. మరొక ప్రాణికి మేలు ఉన్నది. నియమము తప్పుట లేదు. ఆ నోటుపుస్తకమున ఒక్క దినమును విడువకుండ వ్రాసిన చేయి, నిత్యము లింగమునకు పత్రి సమర్పించు చేతికంటె తక్కువ నిష్ఠ గలదని ఎవరు చెప్పగలరు?

పూర్వకర్మ వాదము

“ఏ జన్మలో చేసిన పాపమో” అను మాట జాలితోనే పలుకుదురు. కాని ఆ మాట విన్న తల్లికి అది తీర్పువలె వినబడును. పాపము చేసినది ఆమెయా, బిడ్డయా అను సందేహము రాత్రులు వెంటాడును. శరణధర్మమును స్వీకరించినవారు ఈ మాట పలుకదగునా?

లింగదీక్షతో భక్తుడు క్రొత్తగా జన్మించినవాడగును. అతని పూర్వజాతిని విచారింపరాదని వీరశైవము శాసించినది. ఈ జన్మలోని పూర్వజాతినే త్రవ్వరాదన్నప్పుడు, ఎవరును చూడని పూర్వజన్మను త్రవ్వి ఒక శిశువుపై నేరము మోపుట ఎట్లు చెల్లును? జననము, మరణము, రజస్సు, ఉచ్ఛిష్టము, జాతి అను అయిదు సూతకములను శరణులు త్రోసివేసిరి. అయిదింటిని త్రోసివేసినవారి సంతతి, రోగసూతకమను ఆరవదానిని క్రొత్తగా కల్పించుకొనుట తగదు.

దీనికి ఒక ప్రత్యుత్తరము కలదు. కర్మవాదము కొందరికి ఓదార్పు నిచ్చుచున్నదే, అనుభవించిన తీరునను నమ్మకముతో ఓర్చుకొనుచున్నారే, దానినెందుకు తీసివేయవలెను అని అడుగువారున్నారు. ఈ మాటలో నిజము లేకపోలేదు. దుఃఖములో నున్నవారి చేతికర్రను లాగివేయుట ధర్మము గాదు. కాని ఆ కర్ర బిడ్డపై దెబ్బగా పడుచున్నదేమో చూడవలెను. అనుభవించి తీర్చవలసిన ఋణమని నమ్మినవారు ఔషధమును ఋణమునకు అడ్డముగా తలచు ప్రమాదమున్నది. మ్రొక్కు చెల్లించితిమి, ఇక మాత్రలు వలదని ఒక్కమారుగా మానివేసిన ఇండ్లలో మూర్ఛలు ఆగకుండ వరుసగా వచ్చి ప్రాణముమీదికి తెచ్చుట కలదు. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరుని దర్శించి మ్రొక్కుకొనుట భక్తి. అక్కడినుండి వచ్చి రాత్రి మాత్రను వేళకు వేయుటయు భక్తియే. ఈ రెండింటిని పోటీకి నిలుపువాడు శివుని ఎరుగనివాడు.

“ఎందుకు వచ్చినది?” అను ప్రశ్నకు వైద్యులును పూర్తిగా సమాధానము చెప్పలేరు. “ఇప్పుడేమి చేయవలెను?” అను ప్రశ్నకు మాత్రము ప్రతిదినము సమాధానమున్నది. శరణులు నడచినది ఈ రెండవ ప్రశ్న వెంటనే.

లింగము, జాగరణము, నియమము

శరణకుటుంబములలో మాత్రమే పుట్టు ఒక వేదన ఇక్కడ చెప్పవలసియున్నది. మెడలో ఏదియు తాకనీయని బాలుడు శివదారమును త్రెంపివేయును. ఇష్టలింగము నేలపై పడును. ఇంటి పెద్దలు నిశ్చేష్టులగుదురు. లింగము జారిన బిడ్డ భక్తుడేనా అని మామ్మ ఏడ్చును. తల్లికి ఇది మూర్ఛకంటె పెద్ద దుఃఖమగును.

నులియ చందయ్యను గూర్చి శరణులు చెప్పుకొను కథ ఇట్టి వేళ తలచుకొనదగినది. నారకై చెరువున గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి నీట పడినదట. ఆయన కాయకమును విడువలేదు. లింగమే ఆయనను వెదకుకొనుచు వచ్చినదట. లింగమును తేలికగా చూడుమని ఈ కథ చెప్పుట లేదు. కాయకనిష్ఠ గలవానిని లింగము విడువదని చెప్పుచున్నది. చందయ్య తెలిసి విడిచినాడు. ఈ బాలుడు తెలియక విడిచినాడు. తెలియనివానిపై శివుడు మరింత కఠినుడగునా? ఇష్టలింగము, ప్రాణలింగము, భావలింగము అని శాస్త్రము లింగమును త్రివిధముగా చెప్పినది. చేతినుండి జారునది మొదటిది. ప్రాణమందున్నది ఏ బాలుని చేతను త్రెంపబడదు. గురువుల అనుమతితో లింగమును కరడిగెలో భద్రపరచి, తల్లియో తండ్రియో వాని పక్షమున అర్చించి, శాంతముగా నున్న వేళ ఒక్కక్షణము వాని అరచేత ఉంచవచ్చును. మూర్ఛవచ్చు బిడ్డకు మెడచుట్టు బిగుతైన దారము ప్రమాదకరమన్న మాటయు గురువులకు విన్నవింపవలెను.

శివరాత్రి విషయమును ఇట్టిదే. నిద్రలేమి మూర్ఛను రేపును. ఆకలియు కొందరికి హానియే. కావున ఈ బిడ్డకు ఉపవాసము, జాగరణము తగవు. వేళకు భోజనము, వేళకు మాత్ర, వేళకు నిద్ర ఇవియే వాని వ్రతము. ఆ రాత్రి వానిని నిద్రపుచ్చి ప్రక్కన కూర్చున్న తల్లి జాగరణము చేసినదే యగును. పాదోదకము, ప్రసాదము శ్రద్ధతో నీయవచ్చును. అవి ఔషధమునకు మారుగా రానేరవు.

ముగ్ధభక్తులు

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తుల కథలను ఎంతో మక్కువతో చెప్పెను. రుద్రపశుపతి శివుడు విషము మ్రింగెనని పురాణములో విని, ఆ మాటను ఉన్నదున్నట్లు నమ్మి, విషమును ఉమియువరకు నీటినుండి లేవనని మడుగులో దిగెను. లోకము నవ్వినను శివుడు నవ్వలేదు. బెజ్జమహాదేవి తల్లిలేని శివునికి తానే తల్లియై, పసిబిడ్డగా పెంచెను. శివుడు ఆమె ప్రేమను చూడదలచి అంగిటిముల్లు వచ్చినవానివలె నటించి పాలు త్రాగడాయెను. ఆమె తల్లడిల్లిన తీరు చదివినవారికి కన్ను చెమ్మగిల్లును. ఈ బిడ్డ ఏ పాపము చేసెనని ఆమె అడుగలేదు. పాలు గొంతు దిగుట లేదే అన్న ఒక్కటే ఆమె బాధ. రోగియైన బిడ్డను లాలించుట శివుని లాలించుటయే అని చెప్పుటకు ఇంతకంటె ప్రమాణము కావలెనా?

ఐతే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. ఇట్టి పిల్లలను “దేవుని బిడ్డలు” అని మ్రొక్కి, బడికి పంపకయు, మాట నేర్పకయు కూర్చుండబెట్టుట మరియొక రీతి నిర్లక్ష్యము. వాడు బిడ్డ. ఆకలి, కోపము, ఇష్టము, అలసట గలవాడు. చొక్కా గుండీ పెట్టుకొనుట, బొమ్మను చూపి నీరు అడుగుట, సంచి మోయుట, ఏది వానికి చేతనగునో అది నేర్పవలెను. రేపు అదియే వాని కాయకమగును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమ్‌ను గుర్తించి, నిర్ణీత వైకల్యము గల పిల్లలకు పదునెనిమిదేండ్ల వరకు ఉచిత విద్యాహక్కు నొసగినది. సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయసంస్థ బుద్ధివికాస లోపముగల పిల్లలకు శిక్షణ, సలహా నొసగుచున్నది. ఇట్టివానిని వినియోగించుకొనుట దానము స్వీకరించుట గాదు, హక్కు.

సత్యశుద్ధము

కాయకమునకు సత్యశుద్ధము అను విశేషణము ఊరకనే చేర్చలేదు. ఈ కాయకములో అసత్యము రెండు ద్వారములనుండి ప్రవేశించును.

మొదటిది వైద్యుని యెదుట. మాత్ర తప్పినదని చెప్పిన కోపించునేమో అని దాచుట, నాటుమందు వేసితిమని చెప్పకుండుట, బాగుగనే యున్నదని ముక్తసరిగా పలికి వచ్చుట. డాక్టరు తప్పుడు లెక్కపై మోతాదు నిర్ణయించును. ఆ తప్పును బిడ్డ మెదడు భరించును. రెండవది బంధువుల యెదుట. అక్క పెండ్లికి అడ్డువచ్చునని తమ్ముని మూర్ఛను దాచుట, పెండ్లిచూపుల దినమున వానిని మరొక ఇంట ఉంచుట. వానికి చెప్పలేకపోయినను తెలియదని ఎట్లు చెప్పగలము? హిందూ వివాహచట్టములో మూర్ఛరోగము వివాహమునకు అయోగ్యతగా వ్రాసియున్న మాటను 1999లో పార్లమెంటు తొలగించినది. చట్టము విడిచిన మాటను సంఘము పట్టుకొని యుండుట సిగ్గుచేటు.

తెలియని కాయకము చేయరాదు. నేత నేర్వనిదే మగ్గమెక్కరాదు. మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసినది ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. బిడ్డను ప్రక్కకు ఒత్తిగిల్లజేసి పండుకొనబెట్టవలెను. మెడవద్ద దుస్తులు, దారము వదులు చేయవలెను. నోటిలో చెంచా గాని నీరు గాని పెట్టరాదు. కాలుసేతులు బిగించి పట్టరాదు. చేతిలో ఇనుపతాళము పెట్టుటవలన ప్రయోజనము లేదు. గడియారము చూడవలెను, అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తరలింపవలెను.

దాసోహము ఎవరిది?

ఇంతవరకు చెప్పినదానితో ఆగినచో ఒక అన్యాయము జరుగును. “అమ్మా, నీవు చేయుచున్నది శివపూజ” అని తల్లిని పొగడి, ఆ పూజను ఆమె ఒక్కతెకే వదలివేయుట సులభము. పొగడ్త పనిని తగ్గింపదు. ఆమెకు వీపునొప్పి కలదు, నిద్ర లేదు, తన రోగమునకు వైద్యుని చూచు తీరిక లేదు. విసుగు వచ్చిన దినమున ఆమె పాపిష్ఠి గాదు, అలసిన మనిషి. తాను చనిపోయిన పిమ్మట వీనికెవరు అను చింత ఆమెను ఏ పండుగనాడును విడువదు.

కాయకము వ్యక్తిదైనను దాసోహము సంఘముది. తండ్రి బస్సుచార్జీలిచ్చి ఊరకుండక, నోటుపుస్తకము తానును వ్రాయవలెను; డాక్టరు గదిలోనికి తానును రావలెను. పినతల్లులు, మేనమామలు నెలకొక దినము బిడ్డను చూచుకొని తల్లిని నిద్రపోనీయవలెను. తుమకూరు సిద్ధగంగామఠాధిపతులు శ్రీ శివకుమారస్వాములు 2019లో లింగైక్యము చెందువరకు అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును నడిపి లోకమునకు మార్గము చూపిరి. ఆ మార్గములో తెలుగునాట మఠములు చేయగలిగినవి కొన్ని కలవు. పట్టణములలోని మఠమున ఒక గదిని, ఉదయపు ఓ.పి.కి దూరమునుండి వచ్చు కుటుంబములకు ముందురాత్రి ఈయవచ్చును. ఆసుపత్రి వరుసలు తెలిసిన ఒక యువకుని తోడు పంపవచ్చును. జాతరలో గంటలు, మైకులు మ్రోగని ఒక వేళను ఈ పిల్లల దర్శనమునకు కేటాయింపవచ్చును. స్వాములవారు ప్రవచనమున “మాత్రలు మానవలదు” అని ఒక్కమాట సెలవిచ్చినచో అది వైద్యుని నూరు మాటలకు సాటియగును.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. శిశుసేవ శిక్ష గాదు. శివపూజకు అడ్డము గాదు. సత్యముతో, నేర్పుతో, ఓర్పుతో చేయబడు కాయకము. కాని సంఘము దానిని కాయకమని పిలుచు అర్హత పొందవలెనన్న, తన దాసోహపు భాగమును తాను చెల్లించవలెను. అది చెల్లించనంతవరకు ఆ పేరు తల్లికి గౌరవము గాదు, సంఘమునకు సాకు. కూడలసంగమేశ్వరుని సన్నిధిలో భక్తులు నిలుచునాడు, ఎన్ని పత్రులు అర్పించితివని గాక, నీ వీధిలో మెలకువగా నున్న ఆ యింటి తలుపు ఎన్నిమార్లు తట్టితివని అడుగబడినచో ఏమని బదులు చెప్పుదురో ప్రతి శరణుడును ఇప్పుడే తలచుకొనవలెను.

శరణు శరణార్థి.